బార్బడోస్ చెరకు తోటల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్ 29 రాత్రి మనవాళ్ళు టీ20 ప్రపంచకప్పు గెలిచింది బార్బడోస్‌లో, బ్రిడ్జ్‌టౌన్ ఊళ్ళో ఉన్న కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో. ఆ మర్నాటి నుంచి ఆ దీవి గురించి మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఒకటే ఆరా. ఆ దీవి చరిత్ర చాన్నాళ్ళుగా చదువుతున్నానని తెలిసి నన్ను అడగడం మొదలుపెట్టారు. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే ఒకచోట రాసిపెడితే పోతుందనిపించింది. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోయింది, కొన్నిటికి అవలేదు.

బార్బడోస్ ఎక్కడుంది? ఎంత పెద్దది?

కరీబియన్ దీవులన్నీ ఒక వంపులో వరసగా ఉంటాయి. బార్బడోస్ ఆ వరసలో నిలబడకుండా తూర్పుగా, అట్లాంటిక్ సముద్రంలోకి జరిగి విడిగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు, పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. చాలా భాగం పగడపు సున్నపురాయి. పెద్ద కొండలు లేవు. ఏడాది పొడుగునా తూర్పు గాలి వీస్తూనే ఉంటుంది.

ఇవి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి. నేల చదునుగా ఉంది కాబట్టి దాదాపు అంతా దున్నగలిగారు. గాలి ఉంది కాబట్టి గాలిమరలతో చెరకు ఆడారు. దీవి చిన్నది, అడవి త్వరగానే నరికేశారు కాబట్టి పారిపోయినవాడికి దాక్కునే చోటు లేకపోయింది.

ఇంగ్లిష్‌వాళ్ళు వచ్చేనాటికి అక్కడ ఎవరూ లేరా?

ఆ రోజుకి లేరు. అంతకుముందు శతాబ్దాల తరబడి అక్కడ మూలవాసులు బతికారు, వాళ్ళ కుండపెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. స్పానిష్‌వాళ్ళు మనుషుల్ని పట్టుకుపోయే దాడులు మొదలయ్యాక దీవి ఖాళీ అయింది. పోర్చుగీసువాళ్ళు దారిలో ఆగి, ఊడలు వేలాడే మర్రిజాతి చెట్లని చూసి ‘గడ్డాలవాళ్ళు’ అనే అర్థంలో ఓస్ బార్బడోస్ అన్నారని చెబుతారు. 1625లో జాన్ పవెల్ అనే కెప్టెన్ దిగి, ఇది ఇంగ్లండ్ రాజుదని ప్రకటించాడు. 1627 ఫిబ్రవరి 17న అతని తమ్ముడు హెన్రీ పవెల్ 80 మంది వలసదారులతో, దారిలో పట్టుకున్న పదిమంది నల్లజాతి బానిసలతో ఇప్పటి హోల్‌టౌన్ దగ్గర దిగాడు. అంటే బానిసత్వం తర్వాతెప్పుడో వచ్చి చేరలేదు, మొదటి ఓడలోనే దిగింది.

మొదట్నుంచీ చెరకేనా?

కాదు. మొదట పొగాకు, తర్వాత పత్తి. పొగాకు నాసిరకం, వర్జీనియా పొగాకు ముందు నిలబడలేదు. 1630ల చివరికొచ్చేసరికి ధర పడిపోయింది. వలసదారులు అప్పుల్లో పడ్డారు.

ఆ సమయంలో బ్రెజిల్ ఈశాన్య తీరంలో, పెర్నాంబుకో ప్రాంతంలో, డచ్చివాళ్ళు పంచదార వ్యాపారం చేస్తున్నారు. చెరకు ఎలా నాటాలో, పాకం ఎలా వండాలో 1640లలో బార్బడోస్ దొరలు, అంటే తోటల యజమానులు, అక్కడి నుంచి నేర్చుకున్నారు. జేమ్స్ డ్రాక్స్, జేమ్స్ హోల్డిప్ అనేవాళ్ళు ముందు చెయ్యి పెట్టినవాళ్ళు. డ్రాక్స్ పేరు మర్చిపోకండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

చెరకు మొక్క కూడా అక్కడిది కాదు. న్యూగినీ వైపు పుట్టి, మన దేశం మీదుగా పర్షియాకీ, మధ్యధరా తీరాలకీ వెళ్ళింది. అక్కడి నుంచి అట్లాంటిక్ దాటింది. ఇంగ్లిష్‌లో ‘షుగర్’ మాటకి మూలం మన శర్కరే.

చెరకు వచ్చాక ఏం మారింది?

భూమి చేతులు మారింది. చెరకు చిన్న రైతు పంట కాదు. కొట్టిన చెరకుని ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే రసం పులిసిపోతుంది. కాబట్టి తోట పక్కనే గానుగ ఉండాలి, గానుగ పక్కన వంటశాల, దాని పక్కన ఆరబెట్టే కొట్టు. ఇన్నిటికి పెట్టుబడి పెట్టాలంటే వందల ఎకరాలు కావాలి. నాలుగైదు ఎకరాలవాడు అమ్ముకుని వెళ్ళిపోయాడు.

రిచర్డ్ లిగన్ అనే ఇంగ్లిష్ పెద్దమనిషి 1647లో దీవికి వచ్చి మూడేళ్ళు ఉన్నాడు. తర్వాత లండన్‌లో అప్పుకి జైల్లో పడి, కూర్చుని ఈ దీవి చరిత్ర రాశాడు, అది 1657లో అచ్చయింది. ఈ మార్పుకి మనకున్న మంచి సాక్షి ఆయనే. 500 ఎకరాల తోటలో సగం వాటాకి ఆయన స్నేహితుడు మాడిఫర్డ్ 7,000 పౌండ్లకి బేరం కుదుర్చుకోవడం ఆయన కళ్ళముందే జరిగింది. కొన్నేళ్ళ ముందైతే తోట మొత్తం ఆ ధరలో చిన్న వంతుకే దొరికేది.

1680లో గవర్నరు జనాభా లెక్క తీయించాడు. ఆ లెక్కల ప్రకారం 175 మంది పెద్ద దొరల చేతిలో దీవి భూమిలో సగానికి పైగా ఉంది. నలభై ఏళ్ళలో జరిగిన పని అది. ఇంగ్లండ్ ఖజానాకి కూడా వాటా కావాలిగా, 1663 నుంచి దీవి ఎగుమతుల మీద నాలుగున్నర శాతం పన్ను వేశారు. అది 1838 దాకా పోలేదు.

తెల్లవాళ్ళు కూడా అక్కడ బానిసలేనట కదా? ఇంటర్నెట్‌లో చదివాను.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు కొంచెం చిరాకు. అందులో సగం నిజం ఉంది కాబట్టే చిరాకు.

మొదటి ఇరవై ఏళ్ళలో పొలంపని చేసింది ఎక్కువగా ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ పేదలు. ఓడ ఖర్చు దొర పెట్టుకుంటాడు, బదులుగా ఐదేళ్ళో ఏడేళ్ళో చాకిరీ చేస్తామని ఒప్పందం. కొందరు ఇష్టపడి వచ్చారు, కొందరిని వీధుల్లో ఎత్తుకొచ్చారు. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌ని ఏలిన క్రామ్‌వెల్ చేసిన యుద్ధాల్లో ఓడిన ఐరిష్, స్కాటిష్ ఖైదీలని బలవంతంగా పంపారు. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌లో దీవి పేరే ఒక క్రియాపదం అయిపోయింది, ‘వాణ్ణి బార్బడోస్ చేశారు’ అంటే పట్టి ఓడెక్కించారని అర్థం. వాళ్ళని దొరలు కొట్టారు, ఆకలికి మాడ్చారు, గడువు తీరకముందే చాలామంది చచ్చిపోయారు.

కానీ వాళ్ళ కాగితం మీద గడువు తేదీ ఉంది. వాళ్ళ పిల్లలు పుట్టుకతో ఎవరి ఆస్తీ కారు. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళకి గడువూ లేదు, వాళ్ళ బిడ్డలు తల్లి కడుపులో ఉండగానే దొర పద్దులో సొత్తు. ఈ రెండూ ఒకటే అనడం పద్దు పుస్తకాలు చదవనివాళ్ళు చెప్పే మాట. ఆ తెల్ల పేదల వారసులు కొందరు ఇప్పటికీ దీవి తూర్పు వైపు ఊళ్ళలో ఉన్నారు. ఎండకి కమిలిన కాళ్ళని చూసి వాళ్ళని ‘రెడ్‌లెగ్స్’ అనేవారు.

ఆఫ్రికా నుంచి ఎంతమందిని తెచ్చారు?

ఓడల రికార్డులన్నీ కలిపి చరిత్రకారులు వేసిన అంచనా సుమారు 4,90,000 మంది. ఇది బార్బడోస్ రేవులో దిగినవాళ్ళ లెక్క. దారిలో చనిపోయి సముద్రంలో పడినవాళ్ళు ఇందులో లేరు.

1834లో విముక్తి నాటికి దీవిలో ఉన్న బానిసలు సుమారు 83,000.

దిగినవాళ్ళలో కొందరిని వేరే దీవులకి అమ్మేశారు, నిజమే. అది తీసేసినా, రెండు వందల ఏళ్ళలో వచ్చినవాళ్ళూ వాళ్ళకి పుట్టినవాళ్ళూ కలిసి ఎన్ని లక్షలు అవ్వాలి? చాలాకాలం తోటల లెక్క ఏమిటంటే, బిడ్డని కని పెంచేదాకా ఆగడం కన్నా కొత్త మనిషిని కొనడం చవక. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి ధరలు పెరిగాయి, లెక్క మారింది, గర్భిణులకి పని కాస్త తగ్గించారు. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించే నాటికి ఇక్కడి జనాభా దానంతట అదే పెరుగుతోంది. 1817 రిజిస్టరులో నూటికి తొంభై మందికి పైగా దీవిలో పుట్టినవాళ్ళే.

తోటలో పని ఎలా ఉండేది?

బెల్లం వండే చోట ఒక రోజు గడిపినవాళ్ళకి ఇందులో చాలా సంగతులు తెలిసినట్టే ఉంటాయి.

ముందు గుంతలు. నేలని గళ్ళుగా గుర్తుపెట్టి, ఒక్కో గడిలో ఐదడుగుల చదరం, అరడుగు లోతు గుంత పారతో తవ్వాలి. మండుటెండలో, బంకమట్టిలో, వరసగా నిలబెట్టి, వెనక కొరడాతో మేస్త్రీ. నాగలి చాలాకాలం వాడలేదు, మనిషి ఉండగా నాగలెందుకని. గుంతల్లో ముచ్చెలు, అంటే చెరకు గడల ముక్కలు, నాటాలి. పశువుల కొట్టం నుంచి ఎరువు గంపలు నెత్తిన మోసుకొచ్చి గుంత గుంతకీ వెయ్యాలి. అన్నిటికన్నా మనిషిని విరగ్గొట్టిన పనులు ఈ గుంతా, ఈ గంపా అని చదివినకొద్దీ అర్థమవుతుంది. కోత గురించే అందరూ రాస్తారు గానీ.

కూలీలని గ్యాంగులుగా విడదీసేవారు. మొదటి గ్యాంగులో బలమైనవాళ్ళు, రెండో దాంట్లో వయసొచ్చే పిల్లలు, ఒళ్ళు తగ్గినవాళ్ళు. మూడోది చిన్నపిల్లలది. ఐదారేళ్ళకే గడ్డి పీకడానికి వెళ్ళాలి. బార్బడోస్‌లో ఒక ప్రత్యేకత ఉంది: మొదటి గ్యాంగులో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళని వడ్రంగం, పీపాలు కట్టడం, పాకం వండడం లాంటి పనుల్లోకి తీసుకునేవారు, ఆడవాళ్ళకి ఆ దారి లేదు.

జనవరి నుంచి మే, జూన్ దాకా కోత. అప్పుడు గానుగ రాత్రీ పగలూ ఆగదు. నిలువుగా నిలబెట్టిన మూడు రోలర్ల మధ్యలోకి చేత్తో చెరకు పెట్టాలి. నిద్రమత్తులో వేళ్ళు ఇరుక్కుంటే చెయ్యి మొత్తం లాక్కుపోతుంది. గాలిమరని ఠక్కున ఆపలేరు. అందుకని చెరకు దీవుల్లో గానుగ పక్కన గొడ్డలి పెట్టుకునేవారు, చెయ్యి నరికి మనిషిని బతికించడానికి.

రసం కాలవలో వంటశాలకి వస్తుంది. అక్కడ వరసగా రాగి పెనాలు, పెద్దదాని నుంచి చిన్నదానికి. సున్నం వేసి, మురికి తెట్టు తీస్తూ, ఒక పెనంలోంచి ఇంకో దాంట్లోకి తోడుతూ పోవాలి. చివరి పెనం దగ్గర నిలబడే వంటవాడే తోటకి ప్రాణం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం తీసి తీగ సాగుతోందా లేదా చూసి, ఎప్పుడు దించాలో చెప్పేవాడు. మన ఇళ్ళలో తీగపాకం చూసే పద్ధతే. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే దొరకి వందల పౌన్ల బరువు సరుకు నష్టం. ఆ విద్య తెలిసినవాడు బానిస, తెలియనివాడు యజమాని.

పాకాన్ని అడుగున చిల్లి ఉన్న మట్టికుండల్లో పోసి వారాల తరబడి ఉంచితే మొలాసిస్ అనే గడ్డకట్టని నల్లటి మడ్డి కారిపోయి, గోధుమరంగు ముడి పంచదార మిగులుతుంది. అది పీపాల్లో లండన్‌కీ బ్రిస్టల్‌కీ వెళ్ళేది. అక్కడ శుద్ధిచేసి తెల్లగా మార్చి లాభంలో పెద్ద వాటా అక్కడివాళ్ళే ఉంచుకునేవారు.

1661 చట్టం అంటే ఏమిటి?

బానిసల్ని ఎలా అదుపులో పెట్టాలో బార్బడోస్ శాసనసభ రాసుకున్న చట్టం. ఇంగ్లండ్ న్యాయశాస్త్రంలో అలాంటిది లేదు, వీళ్ళే కొత్తగా తయారుచేశారు. తెల్లవాడి మీద చెయ్యెత్తితే మొదటిసారి కొరడా, రెండోసారి ముక్కు చీల్చి ముఖం మీద వాత. బానిసకి జ్యూరీ విచారణ లేదు. శిక్షిస్తుండగా బానిస చనిపోతే దొరకి ఏ శిక్షా లేదు. కావాలని, క్రూరంగా తన బానిసనే చంపితే మాత్రం జరిమానా ఉంది: 3,000 పౌన్ల ముడి పంచదార. మనిషి ప్రాణం ఖరీదు కూడా పంచదారలోనే. బానిసని హత్యచేస్తే మరణశిక్ష అనే మాట ఇక్కడి చట్టంలోకి రావడానికి 1805 అయింది.

ఇది ఆ దీవితో ఆగలేదు. జమైకా 1664లో దీన్ని తీసుకుంది. బార్బడోస్‌లో భూమి చాలక దొరల కొడుకులు 1670లో ఉత్తర అమెరికా వెళ్ళి కరోలినా కాలనీ స్థాపనలో చెయ్యేశారు. వాళ్ళతో పాటు ఈ చట్టమూ వెళ్ళింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిస చట్టాల వంశవృక్షం వెతికితే ఒక వేరు ఇక్కడ తేలుతుంది.

చర్చివాళ్ళు ఏం చేశారు?

తోటలు నడిపారు. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే దొర 1710లో చనిపోతూ తన రెండు తోటల్ని, బానిసలతో సహా, ఇంగ్లండ్ చర్చికి చెందిన మతప్రచార సంఘానికి రాసిచ్చాడు. ఆ సంఘం మొదట్లో తన బానిసల ఛాతీ మీద కాల్చిన ఇనుముతో ‘సొసైటీ’ అని వాత పెట్టించింది. 1834 తర్వాత 411 మందికి గాను 8,823 పౌండ్ల పరిహారం తీసుకుంది. 2006లో ఇంగ్లండ్ చర్చి మహాసభ క్షమాపణ చెప్పింది. ఆ తోటలో కట్టిన కాలేజీ ఇప్పటికీ ఉంది, తాటి జాతి చెట్ల వరస మధ్య చాలా అందంగా.

ఎవరూ తిరగబడలేదా?

ఎందుకు తిరగబడలేదు! దాక్కునే అడవి లేని దీవి, అడుగడుగునా సైన్యం. జమైకాలో పారిపోయినవాళ్ళు కొండల్లో స్వతంత్రంగా బతికారు, ఇక్కడ ఆ వీలు లేదు. అయినా 1675లో, 1692లో పెద్ద కుట్రలు బయటపడ్డాయి. 1675 కుట్రలో పట్టుబడ్డ టోనీ అనే యువకుణ్ణి సజీవంగా కాల్చడానికి తీసుకెళ్తుంటే, చూడొచ్చిన జనంతో అన్నాడట: ఈరోజు కాలిస్తే రేపు మళ్ళీ కాల్చలేరుగా అని. ఈ మాట మనదాకా వచ్చింది అతని శత్రువులు అచ్చువేసిన కరపత్రం వల్ల.

పెద్ద తిరుగుబాటు 1816లో. బానిసలందరి పేర్లూ రిజిస్టరులో ఎక్కించాలని లండన్‌లో ఒక బిల్లు పెట్టారు, దొంగచాటు వ్యాపారం ఆపడానికి. దీవి దొరలు దాని మీద నానా గొడవా చేశారు, బిల్లు వస్తే బానిసలు చేజారిపోతారన్నట్టు కేకలేశారు. భోజనాల బల్ల దగ్గర వాళ్ళ అరుపులు వింటున్నది వడ్డిస్తున్నవాళ్ళే. రాజుగారు స్వేచ్ఛ ఇచ్చేశారు, వీళ్ళే తొక్కిపెడుతున్నారు అని అర్థం చేసుకున్నారు. సిమ్మన్స్ తోటలో ఇంటిపని చేసే నానీ గ్రిగ్ పత్రికలు చదివి మిగతావాళ్ళకి చెప్పేది. అడిగితే రాదు, సెంట్ డొమింగోలో చేసినట్టు పోరాడి తీసుకోవాలి అన్నది ఆమె. ఇప్పటి హైతీనే అప్పుడు సెంట్ డొమింగో అనేవారు, అక్కడ బానిసలు తిరగబడి గెలిచారు.

ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం రాత్రి సెంట్ ఫిలిప్ ప్రాంతంలో చెరకు తోటలకి నిప్పు పెట్టారు. నాయకుడిగా పేరు మిగిలింది బేలీస్ తోటలో రేంజరుగా, అంటే తోట హద్దులు చూసుకుంటూ తిరిగేవాడిగా, పనిచేసే బుస్సాది. మంటలు డెబ్భైకి పైగా తోటలకి పాకాయి. అణచడానికి వచ్చిన సైన్యంలో వెస్టిండియా రెజిమెంటు నల్ల సైనికులు కూడా ఉన్నారు. బుస్సా పోరులో చనిపోయాడు. పోరులోనూ ఆ తర్వాతి ఉరిశిక్షల్లోనూ కలిపి వందలమంది పోయారు. వాళ్ళ చేతిలో చనిపోయిన తెల్లవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మిగిలినవాళ్ళలో చాలామందిని దీవి దాటించారు.

1985లో ఒక రౌండబౌటు మధ్య, సంకెళ్ళు తెగిన చేతులు పైకెత్తిన మనిషి విగ్రహం పెట్టారు. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు విముక్తి విగ్రహం. జనం మాత్రం బుస్సా అనే పిలుస్తారు. 1998లో ఆయన్ని జాతీయ వీరుల్లో చేర్చారు.

1834లో స్వేచ్ఛ వచ్చింది కదా?

కాగితం మీద వచ్చింది. 1834 ఆగస్టు 1 నుంచి బానిసత్వం రద్దు, కానీ ‘అప్రెంటిస్’ పేరుతో అదే దొర దగ్గర జీతం లేని పని కొనసాగింది. అది 1838 ఆగస్టు 1న పోయింది.

నష్టపరిహారం ఇచ్చారు, దొరలకి. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికి రెండు కోట్ల పౌండ్లు, అప్పటి ప్రభుత్వ ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. బార్బడోస్ దొరలకి అందులో 17 లక్షల పౌండ్లకి పైగా వచ్చింది. దీనికోసం చేసిన అప్పు చివరి ముక్క తీరింది 2015లో. అంటే ఆ ఏడాది వరకు బ్రిటన్‌లో పన్ను కట్టిన కరీబియన్ సంతతివాళ్ళు కూడా తమ ముత్తాతల యజమానులకి ఇచ్చిన సొమ్ముకి వడ్డీ కట్టారు. ఎవరికి ఎంత ముట్టిందో పేరుపేరునా లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది, ఎవరైనా వెతుక్కోవచ్చు. బానిసలుగా బతికినవాళ్ళకి పైసా రాలేదు.

స్వేచ్ఛ వచ్చాక తోటలు వదిలి వెళ్ళిపోలేదా?

ఎక్కడికి? నన్ను అడిగితే ఈ దీవి కథంతా ఈ ఒక్క మాటలో ఉంది. జమైకాలో, ట్రినిడాడ్‌లో, గయానాలో ఖాళీ భూమి ఉంది. విముక్తి కాగానే జనం కొండల పక్కకో నది ఒడ్డుకో వెళ్ళి సొంతంగా దున్నుకున్నారు. బార్బడోస్‌లో గజం నేల కూడా ఎవరో ఒక దొర పేరుమీదే ఉంది. గుడిసె ఉన్న చోటు తోటది, కూరపాదు వేసుకున్న మడి తోటది.

1840లో వచ్చిన చట్టం ఈ సంగతిని ఆసరా చేసుకుంది. తోట స్థలంలో ఉండాలంటే ఆ తోటలోనే పనిచెయ్యాలి, దొర ఇచ్చిన కూలికి. పని మానితే స్థలం ఖాళీ చెయ్యాలి. గయానా, ట్రినిడాడ్ వెళ్తే కూలి ఎక్కువ అని తెలిసినా, వలసలు ఆపడానికి కూడా శాసనసభ చట్టాలు చేసింది. ఆ శాసనసభలో ఓటు ఆస్తి ఉన్నవాడికే. 1843లో శామ్యూల్ జాక్‌మన్ ప్రెస్కాడ్ అనే పత్రికా సంపాదకుడు ఎన్నికై, సభలో కూర్చున్నవాళ్ళలో తెల్లవాడు కాని మొదటి మనిషి అయ్యాడు. ఆయన ఒక్కడు ఎంతని లాగుతాడు?

ఈ బతుకులోంచే పుట్టింది అక్కడి ‘చాటెల్ హౌస్’. చాటెల్ అంటే కదిలే ఆస్తి. చిన్న చెక్క ఇల్లు, పునాది ఉండదు, రాళ్ళ దిమ్మల మీద ఊరికే కూర్చోబెడతారు. దొరతో తగువొస్తే పలక పలకా ఊడదీసి, బండి మీద వేసుకుని ఇంకో తోటకి పోయి మళ్ళీ బిగించుకోవడానికి. టూరిస్టు బ్రోచర్లలో రంగురంగుల కిటికీలతో ముద్దుగా కనిపించే ఇల్లు అదే. ఇల్లు సొంతం, నేల కాదు. వందేళ్ళకి పైగా ఆ ఊళ్ళ పరిస్థితి ఇంతే.

1904లో అమెరికా పనామా కాలువ పని చేపట్టాక పదుల వేలమంది బయటపడ్డారు. వాళ్ళు పంపిన డబ్బుతోనే కొన్ని కుటుంబాలు మొదటిసారి నేల కొన్నాయి.

మన తెలుగువాళ్ళు అక్కడికి కూలికి వెళ్ళారా?

బార్బడోస్‌కి దాదాపు లేదు. పైన చెప్పిన కారణమే: నేల లేని కూలీలు దీవిలోనే దండిగా ఉండగా దొరలు ఓడ ఖర్చు పెట్టుకుని మనుషుల్ని ఎందుకు తెప్పించుకుంటారు? ఎక్కడైతే విముక్తి పొందినవాళ్ళు తోటలు వదిలేశారో అక్కడికే మనవాళ్ళని తీసుకెళ్ళారు. 1838 నుంచి 1917 మధ్య బ్రిటిష్ గయానాకి సుమారు 2,39,000 మంది, 1845 నుంచి ట్రినిడాడ్‌కి సుమారు 1,44,000 మంది భారతీయులు వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచే. మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందర్నీ కలిపి ‘మద్రాసీ’ అన్నారు, దాంతో ఎవరు ఏ భాషవాళ్ళో రెండు మూడు తరాల్లో కలిసిపోయింది. ఫ్రెంచి దీవులు గ్వాడెలూప్, మార్టినీక్‌లకి పాండిచ్చేరి, కారైక్కాల్ నుంచి ఓడలు వెళ్ళాయి.

ఇప్పుడు బార్బడోస్‌లో ఉన్న భారతీయ కుటుంబాలు వేరు. 20వ శతాబ్దంలో బెంగాల్, గుజరాత్ నుంచి బట్టల వ్యాపారం చేసుకోవడానికి వెళ్ళినవాళ్ళ సంతతి.

ఇంకో లింకు ఉంది, చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి యూరప్ వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో మన దేశపు నూలుబట్ట పెద్ద పద్దు. కోరమాండల్ తీరంలో నేసిన నీలిబట్టకి ‘గినీ గుడ్డ’ అనే పేరే స్థిరపడింది. నేసినవాళ్ళకి అది ఎక్కడికెళ్తోందో తెలిసే దారి లేదు.

వెస్టిండీస్ ఆటగాళ్ళ ఇంటిపేర్లు ఇంగ్లిష్ పేర్లలా ఎందుకుంటాయి?

తోట పద్దుల్లో బానిసలకి చాలావరకు ఒంటిపేరే రాసేవారు. విముక్తి సమయంలో ఇంటిపేరు అవసరమై చాలామంది దొరదో, మరో తెల్ల కుటుంబానిదో తీసుకున్నారు. ఆఫ్రికా పేర్లు చాలావరకు అప్పటికే పోయాయి.

దొరల పెత్తనం ఎప్పుడు పోయింది?

ఒక తేదీ చెప్పమంటే 1937 జులై 26 అంటాను. బార్బడోస్ తల్లిదండ్రులకి ట్రినిడాడ్‌లో పుట్టిన క్లెమెంట్ పేన్ ఆ ఏడాది వచ్చి యూనియన్ కట్టండని వీధి సభలు పెట్టాడు. పుట్టిన ఊరు తప్పు చెప్పాడనే సాకుతో కేసు పెట్టి ఓడెక్కించేశారు. బ్రిడ్జ్‌టౌన్ రగిలిపోయింది, పల్లెల్లో ఆకలిగొన్న జనం చిలగడదుంప పొలాల మీద పడ్డారు. పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు. పేన్ తరఫున వాదించిన లాయరు గ్రాంట్లీ ఆడమ్స్ తర్వాత దీవి మొదటి ప్రీమియర్, అంటే ప్రభుత్వాధినేత, అయ్యాడు. అందరికీ ఓటు హక్కు 1951లో, స్వాతంత్ర్యం 1966 నవంబరు 30న. సరిగ్గా 55 ఏళ్ళకి, 2021లో, బ్రిటన్ రాణిని తప్పించి రిపబ్లిక్ అయింది.

మరి భూమి ఇప్పుడు ఎవరిది?

1980లో ఒక చట్టం తెచ్చారు. తోట స్థలాల్లో తరతరాలుగా అద్దెకి ఉంటున్నవాళ్ళు తమ ఇల్లున్న చోటుని చదరపు అడుగు పది సెంట్లకి కొనుక్కోవచ్చని. 1838లో వచ్చిన పూర్తి విముక్తికీ దీనికీ మధ్య 142 ఏళ్ళు. నా దృష్టిలో రెండో విముక్తి ఇదే, కానీ ఎవరూ దీనికి విగ్రహం పెట్టలేదు.

పెద్ద తోటల సంగతి వేరు. జేమ్స్ డ్రాక్స్ గుర్తున్నాడా? ఆయన తోట డ్రాక్స్ హాల్, 17వ శతాబ్దపు రాతి భవనంతో సహా, ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. 1830లలో ఆ తోటలోని 189 మందికి గాను అప్పటి వారసుడు 4,293 పౌండ్లు పరిహారం తీసుకున్నాడు. ఇప్పటి వారసుడు రిచర్డ్ డ్రాక్స్ 2024 దాకా బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు. ఆ ఏడాది బార్బడోస్ ప్రభుత్వం ఇళ్ళు కట్టడానికి ఆ తోటలో 53 ఎకరాలు మార్కెట్ ధరకి కొనబోయింది. వాళ్ళకి మళ్ళీ మేం డబ్బివ్వడమేమిటని జనం మండిపడ్డారు, ప్రధాని మియా మాట్లీ ఆ బేరం ఆపేశారు.

వెళ్తే ఏం చూడాలి?

బీచ్‌లు మీరే వెతుక్కుంటారు. ఉత్తరాన సెంట్ నికొలస్ ఆబీ అనే 1650ల నాటి భవనం ఉంది, పేరుకే ఆబీ, ఎప్పుడూ మఠం కాదు. మోర్గన్ లూయిస్ దగ్గర రెక్కలతో సహా మిగిలిన గాలిమర ఉంది. ఒకప్పుడు ఇలాంటివి దీవిలో ఐదు వందల దాకా ఉండేవి. వీటికన్నా ముందు న్యూటన్ తోటలోని సమాధుల చోటుకి వెళ్ళమంటాను. పంటకి పనికిరాని నేల, అందుకే సమాధులకి వదిలేశారు. అక్కడ సుమారు 570 మంది బానిసలు ఉన్నారని అంచనా. 1970లలో తవ్వినప్పుడు ఒక ముసలాయన అస్థిపంజరంతో పాటు గవ్వలు, పూసలు, కుక్కపళ్ళు గుచ్చిన హారం, ఆఫ్రికా మట్టి చిలుం దొరికాయి. తోటివాళ్ళు ఆయన్ని వైద్యుడిగానో మంత్రగాడిగానో గౌరవించి ఉంటారని పురావస్తు శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. పద్దు పుస్తకంలో ఆయన ఏ పేరుతో ఉన్నాడో మాత్రం చెప్పలేం.

ఇప్పటికీ చెరకు పండిస్తారా?

కొద్దిగా. ఇప్పుడు నడుస్తున్న పంచదార ఫ్యాక్టరీ ఒక్కటే, పోర్ట్‌వేల్. చాలా తోటలు గోల్ఫ్ మైదానాలయ్యాయి, ఇళ్ళ ప్లాట్లయ్యాయి, తుప్పల్లో కలిసిపోయాయి. కోత ముగిసినప్పుడు చేసుకునే క్రాప్ ఓవర్ పండగ మధ్యలో ఆగిపోతే 1974లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడది చెరకు ఉన్నా లేకున్నా ఏటా ఆగస్టు మొదటి సోమవారం దాకా పాటలతో, ఊరేగింపులతో హోరెత్తుతుంది. ఇక రమ్ అంటారా, ఆ మాట పుట్టింది ఈ దీవిలోనే అంటారు. 1703 నాటి పత్రం చూపించి ప్రపంచంలో అన్నిటికన్నా పాత రమ్ మాదే అని మౌంట్ గే కంపెనీ చెప్పుకుంటుంది. ఆ రమ్ కాచడానికి కావలసిన మొలాసిస్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు బయటి దేశాల నుంచి ఓడల్లో వస్తోంది.